తెర మీద త్రిభుజం వచ్చింది అక్కా, తర్వాతేంటి?

"అక్కా, నమస్తే. మాది పార్వతీపురం. 2023లో ఈసీఈ పూర్తిచేసి, హైదరాబాదులో ఒక సర్వీస్ కంపెనీలో జావా ప్రాజెక్టు మీద పనిచేస్తున్నాను. గేముల్లో ఆ బొమ్మలు ఎలా వస్తాయో తెలుసుకోవాలని చిన్నప్పటి నుంచీ నాకు పిచ్చి. మూడు నెలలు రోజూ రాత్రి హాస్టల్లో కూర్చుని, గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలు గీయించే వల్కన్ పాఠాలు చూస్తూ వెయ్యి లైన్లు టైపు చేశాను. తెర మీద రంగుల త్రిభుజం వచ్చింది. కానీ ఆ వెయ్యిలో ఏ లైను ఎందుకుందని అడిగితే చెప్పలేను. ఆఫీసులో వాళ్ళు గ్రాఫిక్స్ దండగ, ఆ కార్డుతో లెక్కలు చేయించే క్యూడా నేర్చుకో అంటున్నారు. నా లాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి లక్షా ముప్పై వేల గేమింగ్ లాప్‌టాప్ కొనిస్తానని నాన్న అంటున్నారు. లెక్కల్లో నేను అంతంతమాత్రం. గ్రాఫిక్సా, కంప్యూటా? కొనమంటావా, వద్దా? ఏఐ కోడ్ రాసేస్తున్న రోజుల్లో ఇదంతా నేర్చుకోవడం అవసరమేనా?"

చెల్లీ, ముందు గొలుసు సంగతి తేల్చేద్దాం. అది అమ్మ మెడలోనే ఉండనీ. కనీసం ఏడాది దాకా కొత్త లాప్‌టాప్ అక్కర్లేదని ఇవాళే నాన్నగారికి ఫోన్ చేసి చెప్పు. నీ లాప్‌టాప్ ప్రాసెసర్‌లోనే చిన్న జీపీయూ, అంటే బొమ్మలు గీసే భాగం, ఒకటుంది. నువ్వు గీసిన త్రిభుజం దాని మీదే కదా వచ్చింది! వల్కన్ నడిపిన ఆ చిప్ కంప్యూట్ షేడర్లు, అంటే బొమ్మలు కాకుండా మామూలు లెక్కలు చేసే ప్రోగ్రాంలు కూడా నడుపుతుంది. క్యూడా కావాలంటే, బ్రౌజర్లోంచే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడుపుకునే గూగుల్ కొలాబ్ ఉచిత ఖాతాలో ఎన్విడియా టీ4 కార్డు దొరుకుతుంది. అడిగినప్పుడల్లా దొరుకుతుందన్న హామీ లేదు, సెషన్ మధ్యలో తెగిపోవచ్చు, ఫైళ్ళు ఎప్పటికప్పుడు దాచుకోవాలి. అయినా నేర్చుకునేవాళ్ళకి అది పెద్ద కార్డే. 2,560 కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ, ఆ మెమరీకి సెకనుకు 320 గిగాబైట్ల వేగం. ఈ చివరి అంకె ఒక మూల రాసి పెట్టుకో, దానితో పనుంది.

ఇక గ్రాఫిక్సా, కంప్యూటా అన్నావు. ఈ రెండూ నడిచే యంత్రం ఒక్కటే. క్యూడా లేని రోజుల్లో జీపీయూతో లెక్కలు చేయించాలనుకున్నవాళ్ళు ఏం చేసేవారో తెలుసా? తమ అంకెల్ని రంగులని చెప్పి టెక్స్చర్ అనే బొమ్మలో నింపేవారు. తెరంతా పరుచుకునే దీర్ఘచతురస్రం ఒకటి గీయమని కార్డును అడిగేవారు. వచ్చిన బొమ్మలోంచి పిక్సెళ్ళు చదువుకుంటే అవే జవాబులు. 2006 నవంబరులో ఎన్విడియా కార్డు 8800 జీటీఎక్స్ వచ్చింది. అప్పటిదాకా పీసీ కార్డుల్లో త్రిభుజాల మూలల (శీర్షాల) పనికొక రకం యూనిట్లు, పిక్సెళ్ళ పనికొక రకం ఉండేవి. ఇందులో ఏ పనైనా చేసే ఒకే రకం యూనిట్లు 128 పెట్టారు. దానితోపాటే క్యూడాను ప్రకటించారు, 2007లో అది అందరి చేతికీ వచ్చింది. ఆ ఏడాదే మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పవన్ హరీశ్, పీజే నారాయణన్ ఆ కార్డు మీద కోటి శీర్షాలున్న గ్రాఫ్‌లో, అంటే దారులతో కలిపిన బిందువుల వలలో, ఒక చోటి నుంచి మిగతా అన్నిటికీ దగ్గరి దారులు 1.5 సెకన్లలో కనుక్కున్నారు. వరుసగా నడిచే ప్రోగ్రాంకి మేలైన పద్ధతి జీపీయూ మీద మేలైనది కాకపోవచ్చని కూడా వాళ్ళప్పుడే రాశారు. ఆ మాట నాకు ఇప్పటికీ రోజూ పనికొస్తోంది.

కథ వెనక్కి కూడా తిరిగింది. గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ 5లో నానైట్ అనే భాగం ఉంది. పిక్సెల్ అంత చిన్న త్రిభుజాలను గీయడానికి అది కార్డులోని ప్రత్యేక సర్క్యూట్‌ను వాడుకోదు, కంప్యూట్ షేడర్‌లో సొంతంగా గీసుకుంటుంది. గ్రాఫిక్స్ దండగ అన్న మీ ఆఫీసు వాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. నీకు బొమ్మల మీద పిచ్చి ఉంది కాబట్టి బొమ్మతోనే మొదలుపెట్టు. ఈసారి వల్కన్ పక్కన పెట్టి, కాగితం మీద.

నోటుపుస్తకంలో మూడు బిందువులు పెట్టు. ఏ (0, 0), బీ (8, 0), సీ (0, 8). ఇప్పుడు (2, 3) దగ్గరున్న పిక్సెల్ ఈ త్రిభుజం లోపల ఉందా, బయట ఉందా? ఏ నుంచి బీకి నడుస్తున్నాననుకో. పిక్సెల్ నాకు ఎడమ చేతి వైపుందా, కుడి చేతి వైపుందా అని ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నేను నడిచే దిశ (8, 0), ఏ నుంచి పిక్సెల్‌కి దిశ (2, 3). అడ్డగుణకారం చెయ్యి: 8 ఇంటూ 3, అందులోంచి 0 ఇంటూ 2 తీసెయ్. 24 వచ్చింది. ధన సంఖ్య అయితే ఎడమ వైపు. బీ నుంచి సీకి అదే లెక్క చేస్తే మళ్ళీ 24. సీ నుంచి ఏకి 16. మూడూ ధనమే, కాబట్టి లోపల ఉంది. (7, 6) పిక్సెల్‌తో చెయ్యి: బీసీ అంచు దగ్గర మైనస్ 40 వస్తుంది, అది బయట.

అసలు అందం ఇప్పుడు చూడు. 24, 24, 16 కూడితే 64. త్రిభుజం వైశాల్యం 32, దానికి సరిగ్గా రెట్టింపు. ఆ మూడు అంకెల్నీ 64తో భాగిస్తే వచ్చేవే రంగుల పాళ్ళు. ఏ శీర్షం ఎరుపు, బీ ఆకుపచ్చ, సీ నీలం అనుకుంటే ఈ పిక్సెల్‌లో ఎరుపు 24 పాళ్ళు, ఆకుపచ్చ 16, నీలం 24. ప్రతి శీర్షానికీ దాని ఎదుటి అంచు దగ్గర వచ్చిన అంకె. మూడు నెలలు కష్టపడ్డాక నీ తెర మీద రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతూ కనిపించాయే, అది ఇదే. లెక్కల్లో అంతంతమాత్రం అన్నావు. ఇది ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏలో నువ్వు చదివి పాసైన సదిశల లబ్ధమే. అప్పుడు ఎందుకు నేర్పుతున్నారో ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. మాత్రికలు కూడా ఆ పుస్తకంలోవే. నీకు మొదటి ఏడాది అంతకు మించి లెక్కలు పట్టవు.

ఈ అంచు లెక్కను 1988లో హువాన్ పినేడా అనే ఇంజనీరు సిగ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సదస్సులో ప్రచురించాడు. ఇది ఇన్నేళ్ళు నిలబడిందంటే కారణం, ఏ పిక్సెల్ కూడా పక్క పిక్సెల్ జవాబు కోసం ఆగనక్కర్లేదు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్ళు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.6 మిల్లీసెకన్లు. అన్నీ ఎవరి లెక్క వాళ్ళు చేసుకోగలిగితేనే ఈ పని సాగుతుంది, జీపీయూ పుట్టిందే అందుకు.

కాబట్టి నీ మొదటి నెల పని ఇది. నీకొచ్చిన జావాలోనే రాయి. 512 బై 512 బొమ్మ, ఒక త్రిభుజం, ప్రతి పిక్సెల్‌కీ మూడు అంచుల లెక్క, రంగులు ఫైల్లోకి. తర్వాత ఒక అంచు పంచుకునే రెండు త్రిభుజాలు గీయి. సరిగ్గా ఆ అంచు మీద పడ్డ పిక్సెల్‌కి లెక్క సున్నా వస్తుంది. అది ఎవరిది? ఇద్దరూ వదిలేస్తే బొమ్మలో చిల్లులు, ఇద్దరూ తీసుకుంటే అద్దంలా పారదర్శకంగా ఉండే వస్తువుల మీద గీతలు. అసలు కార్డులు దీనికో నియమం పెట్టుకున్నాయి: పై అంచూ ఎడమ అంచూ అయితే నాది, మిగతావి పక్కవాడివి. దీంతో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టు, ఫర్వాలేదు. ఆ తర్వాత లోతు చేర్చు, దగ్గరిది దూరపుదాన్ని కప్పేలా. ఇదంతా అయ్యాక అదే లెక్కను, బ్రౌజర్‌లోంచే జీపీయూను వాడుకోనిచ్చే వెబ్‌జీపీయూలో కంప్యూట్ షేడర్‌గా మార్చు. 2023లో క్రోమ్ 113తో అది మామూలు లాప్‌టాప్‌లలోకి వచ్చేసింది. ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. తెర సిద్ధం చేసే తతంగం ఓ యాభై అరవై లైన్లు, అంతే.

రెండో నెల నుంచి కొలాబ్‌లో క్యూడా. ఇక్కడ నీకొక్క పని ఇస్తాను, దాంట్లో జీపీయూ చదువు చాలావరకు ఉంది. 4,096 వరుసలు, 4,096 నిలువుల మాత్రికను తిరగెయ్యి. వరుసలు నిలువులవ్వాలి, నిలువులు వరుసలవ్వాలి. లెక్కంటూ ఏమీ లేదు, చదివి ఇంకో చోట రాయడమే.

కోడ్ రాసే ముందు పెన్ను తియ్యి. ఒక్కో అంకె 4 బైట్లు. మొత్తం 6 కోట్ల 71 లక్షల బైట్లు. చదవడం ఒకసారి, రాయడం ఒకసారి, కలిపి 13 కోట్ల 42 లక్షలు. ఇందాక మూల రాసుకున్న 320 గిగాబైట్లతో భాగించు. 0.42 మిల్లీసెకన్లు. ఎంత తెలివిగా రాసినా టీ4 మీద అంతకంటే తొందరగా అవదు. అది కంపెనీ కాగితం మీది గరిష్ఠం, చేతికి పూర్తిగా అందదు. అందుకే తిరగెయ్యకుండా ఉత్త కాపీ చేసే కెర్నెల్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాం) ఒకటి ముందు నడిపి ఎంత పడుతుందో చూడు. ఆ కాపీయే నీకు గీటురాయి.

ఇప్పుడు తోచిన రీతిలో తిరగేసే కెర్నెల్ రాయి. కాపీ కంటే బాగా నెమ్మదిగా నడుస్తుంది. చదివేదీ అన్నే బైట్లు, రాసేదీ అన్నే బైట్లు, మరి ఎందుకు? ఎన్విడియా కార్డులో థ్రెడ్లు (ఒక్కొక్కటీ ఒక్కో అంకె పని చూసే కూలీ అనుకో) 32 మంది చొప్పున ఒక జట్టుగా కదులుతాయి. ఆ జట్టును వార్ప్ అంటారు. పెళ్ళి బంతి గుర్తు తెచ్చుకో. వడ్డించేవాళ్ళు తెచ్చే గిన్నెలో ఎనిమిది విస్తళ్ళకు సరిపడా కూర ఉంటుందనుకో. 32 మంది ఒకే వరుసలో పక్కపక్కనే కూర్చుంటే నాలుగు గిన్నెలతో వడ్డన పూర్తి. అదే 32 మంది 32 వీధుల్లో కూర్చుంటే ఒక్కో విస్తరికి ఒక్కో నిండు గిన్నె మోయాలి, ఒక్క గరిటె వేసి మిగతాది వెనక్కి తేవాలి. కార్డు మెమరీ అలాగే 32 బైట్ల ముక్కల్లో వడ్డిస్తుంది. అంకె 4 బైట్లు కాబట్టి ముక్కకు ఎనిమిది అంకెలు. నీ కెర్నెల్ చదివేటప్పుడు థ్రెడ్లు వరుస వెంట పక్కపక్కన ఉన్నాయి, నాలుగు ముక్కలు చాలు. రాసేటప్పుడు నిలువు వెంట పోతున్నాయి. ఒక్కో థ్రెడ్‌కీ పక్కదానికీ మధ్య 16,384 బైట్ల దూరం, అంటే ఒక్కో థ్రెడ్‌కీ వేరే ముక్క, జట్టుకి 32 ముక్కలు. కాష్ (ఇటీవల వాడిన డేటాను దగ్గర దాచే మెమరీ) కొంత ఆదుకుంటుంది గానీ మొత్తం నష్టాన్ని పూడ్చలేదు.

మందు ఏమిటంటే, 32 బై 32 గళ్ళ చిన్న పలక ఒకటి షేర్డ్ మెమరీలో పెట్టుకోవాలి. అది చిప్ లోపలే ఉంటుంది, చాలా దగ్గర. వరుసగా చదివి పలకలో పెట్టు, అందరూ పెట్టేదాకా ఆగు, పలకలోంచి నిలువుగా తీసి బయట మళ్ళీ వరుసగా రాయి. బాగా మెరుగవుతుంది, కానీ ఇంకా కాపీని అందుకోదు. షేర్డ్ మెమరీలో 32 అరలు ఉంటాయి, వరసగా వచ్చే అంకెలు వరసగా ఒక్కో అరలోకి పోతాయి. పలక వెడల్పు సరిగ్గా 32 అయితే ఒక నిలువులోని 32 అంకెలూ ఒకే అరలో పడతాయి. అందరూ ఒకే అర ముందు వరుస కడతారు. పలక వెడల్పు 33 చెయ్యి. చివరి గడి వాడవు, ఖాళీగా ఉంటుంది. కానీ ఒక్కో వరుసా ఒక్కో అర పక్కకి జరిగి, నిలువులోని 32 అంకెలూ 32 వేర్వేరు అరల్లోకి పోతాయి. కాగితం మీద గళ్ళు గీసి 33ను 32తో భాగిస్తూ నీ చేత్తో సరిచూసుకో. ఒక్క అంకె మార్చగానే సమయం తగ్గడం కళ్ళారా చూసిన రోజు, ఈ యంత్రం నీకు పరిచయమైనట్టు.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చెయ్యి. ఆ మాత్రికను కంప్యూటర్ మెమరీ నుంచి కార్డుకి పంపే దారి వేగం కాగితం మీద సెకనుకు సుమారు 16 గిగాబైట్లు. పంపడానికి 4.2 మిల్లీసెకన్లు, తెచ్చుకోవడానికి ఇంకో 4.2. చేసే పని అర మిల్లీసెకను, రవాణా ఎనిమిది పైన. జీపీయూ మీద పెట్టాం కానీ ఏం వేగం పెరగలేదు అని నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉంటుంది. డేటా ఒకసారి కార్డు మీదికి వెళ్ళాక చేయగలిగిన పనులన్నీ అక్కడే చేయించి తేవాలి.

ముందు లెక్క కట్టమని ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. నా మొదటి ఉద్యోగంలో 4కే బొమ్మలకు ఒక ఫిల్టర్ రాశాను. సమయం కొలిస్తే 0.01 మిల్లీసెకను వచ్చింది. సీపీయూ మీద ఉన్నదానికంటే వందల రెట్లు వేగం! రాత్రంతా నిద్రపట్టలేదు, మర్నాడు మీటింగులో స్లైడ్ వేశాను. మా సీనియర్ ఒకావిడ బోర్డు దగ్గరికి వెళ్ళి, బొమ్మ చదవడానికీ రాయడానికీ కలిపి 6 కోట్ల 60 లక్షల బైట్లు, దాన్ని నీ సమయంతో భాగిస్తే సెకనుకు 6,600 గిగాబైట్లు, మన కార్డు గరిష్ఠం 200 కూడా లేదు, మిగతాది ఎక్కడి నుంచి తెచ్చావమ్మా అని అడిగారు. నెమ్మదిగానే అడిగారు. నాకు గొంతు పెగల్లేదు. జరిగిందేమిటంటే, కెర్నెల్‌ను పిలవగానే సీపీయూ ఆగదు. పని అప్పగించి వెంటనే ముందుకు సాగిపోతుంది. నేను కొలిచింది పని అప్పగించడానికి పట్టిన సమయం. జీపీయూ పని పూర్తయ్యేదాకా ఆగమని చెప్పి కొలవాలి, లేదా కార్డు సొంత టైమర్ ఈవెంట్లు వాడాలి. మొదటి రెండు మూడు పరుగులు వదిలెయ్యాలి, ఎందుకంటే మొదటిసారి సన్నాహాల సమయం కూడా కలిసిపోతుంది. ఆవిడ చేసిన ఆ భాగహారం నాకు అప్పటి నుంచీ అలవాటైపోయింది. ఏ ఫలితం చూసినా, నాదైనా ఎవరిదైనా, బైట్లను సమయంతో భాగించి చూడకుండా నమ్మను.

ఈ క్యూడా పని అయ్యాక వల్కన్ దగ్గరికి రా. ఆ వెయ్యి లైన్లు ఎందుకో అప్పటికి నీకే అర్థమవుతుంది. పాత ఓపెన్‌జీఎల్‌లో మెమరీ ఎక్కడ పెట్టాలి, ఏ పని అయ్యాక ఏది మొదలవ్వాలి అన్నది డ్రైవర్ ఊహించి చేసేది. 2016లో వచ్చిన వల్కన్ ఆ ఊహలన్నీ నీ మీద పెట్టింది. సెమాఫోర్లు, ఫెన్స్‌లు, బారియర్లు అన్నీ ఆ ప్రశ్నకే జవాబులు: ఇది రాయడం అయిందా, అది చదవొచ్చా? క్యూడాలో పలక నిండేదాకా ఆగమన్నావే, అదే సంగతి పెద్ద ఎత్తున. ఒక్కటి గుర్తుంచుకో, నువ్వు చూసిన పాఠాలు పాతవి కావచ్చు. 2022లో వచ్చిన 1.3తో రెండర్‌పాస్, ఫ్రేమ్‌బఫర్ వస్తువులు కట్టే తంతు తప్పించుకునే వీలొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు 1.3 పద్ధతిలో చెప్పే పాఠమే చూడు. వల్కన్‌ను తప్పుగా వాడితే చెప్పే వాలిడేషన్ లేయర్లు ఎప్పుడూ ఆన్‌లో ఉంచు. రెండర్‌డాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక ఫ్రేమును పట్టి ఆపి ఏ పిక్సెల్ ఎలా వచ్చిందో అంగుళం అంగుళం చూపిస్తుంది. దాన్ని తప్పు దొరికినప్పుడే కాదు, అన్నీ బాగున్నప్పుడు కూడా తెరిచి చూస్తూ ఉండు.

ఏఐ కోడ్ రాస్తోంది కదా అన్నావు. రాస్తోంది, నేనూ రోజూ రాయిస్తున్నాను. బారియర్ ఒకటి మరిచిన కెర్నెల్ నీ కంప్యూటర్లో వంద సార్లు సరిగ్గా నడిచి, వేరే కార్డు మీద బొమ్మలో మచ్చలు వేస్తుంది. అది ఏఐ రాసినా నువ్వు రాసినా, కూర్చుని కనిపెట్టాల్సింది నువ్వే. నీ మూడు నెలల పాఠాలకీ ఏఐతో రాయించుకోవడానికీ నిజానికి పెద్ద తేడా లేదు చెల్లీ. రెండింటిలోనూ వెయ్యి లైన్లు నీ చేతికొచ్చాయి, ఎందుకున్నాయో రాలేదు. తిరగేసే కెర్నెల్ మాత్రం సొంతంగా రాయి. రాశాక ఏఐకి చూపించి తప్పులు పట్టమను, అది చెప్పిన ప్రతి కారణాన్నీ కొలిచి సరిచూసుకో.

ఉద్యోగం సంగతి నువ్వు అడగలేదు, నాన్నగారు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా మూడింటికీ హైదరాబాదులో ఆఫీసులున్నాయి. డ్రైవర్లు, కంపైలర్లు, పనితీరు పరీక్షలు లాంటి పనులకి ఈ చదువే కావాలి. ఆరు నెలల్లో వస్తుందని చెప్పను, ఏడాదిన్నర పెట్టుకో. ఈలోగా జావా ఉద్యోగం వదలొద్దు. నీ ఈసీఈ వృథా పోలేదు, మెమరీ అరలు, సైకిళ్ళు, ఆలస్యాలు అన్న మాటలు కంప్యూటర్ సైన్స్ వాళ్ళకంటే నీకే తొందరగా ఎక్కుతాయి. ఎన్‌పీటెల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యులు చెప్పిన జీపీయూ కోర్సు ఉచితంగా ఉంది, ఆదివారాలు అది చూడు.

రెండు నెలలయ్యాక నాకు మళ్ళీ రాయి. టీ4 మీద నాలుగు సమయాలు కావాలి: ఉత్త కాపీకి, తోచినట్టు తిరగేసినదానికి, 32 పలకకి, 33 పలకకి. ఒక్కోదాని పక్కన బైట్లను సమయంతో భాగిస్తే వచ్చిన వేగం కూడా రాయి. ఏదైనా 320 దాటితే పంపే ముందే ఎక్కడ తప్పు కొలిచావో వెతుక్కో. దొరక్కపోతే కోడ్ కూడా పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.